జెల్డా గేములన్నీ సేకరించే ముందు జాగ్రత్తలు

ముందు జాబితా రాసుకోండి. నింటెండో కంపెనీ వీడియోగేముల వరుసైన జెల్డాలో మొదటిది 1986లో జపాన్‌లో డిస్కు మీద, 1987లో అమెరికాలో బంగారు రంగు క్యాట్రిడ్జ్‌గా (గేము బోర్డు ఉండే ప్లాస్టిక్ డబ్బీగా) వచ్చింది. రెండూ కావాలా, ఒకటి చాలా? అది తేల్చుకోకుండా రూపాయి కూడా తీయకండి.

క్యాట్రిడ్జ్ కొనేముందు లోపలి బోర్డు ఫోటో అడిగి తీరాలి. స్టిక్కర్ తళతళలాడుతోందని మోసపోవద్దు, నకిలీలకే ఆ మెరుపెక్కువ. అసలు బోర్డు మీద నింటెండో పేరు అచ్చై ఉంటుంది, పాత క్యాట్రిడ్జ్‌లు చాలావాటిలో సేవ్ కోసం, అంటే ఆడినంతవరకు దాచిపెట్టడానికి, నాణెమంత బ్యాటరీ అతికించి ఉంటుంది. అది అయిపోయినా ఆట నడుస్తుంది గానీ సేవ్ నిలవదు. మార్పించాలంటే తిరుపతిలో సెల్‌ఫోన్ బోర్డులకు టంకం బాగా పెట్టేవాళ్లకే ఇవ్వండి. బ్యాటరీ తీస్తే పాత సేవ్ పోతుందని గుర్తుంచుకోండి.

గేము ఆడే పాత కన్సోల్ యంత్రాలకు జపాన్ అడాప్టర్ 100 వోల్టులది, అమెరికాది 120. మన 230 వోల్టుల ప్లగ్గులో నేరుగా పెడితే కాలిపోతుంది. వోల్టేజీ తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ ముందే కొనండి.

విదేశాల నుంచి తెప్పిస్తే కస్టమ్స్ సుంకం లెక్కలో వేసుకోండి.

అక్టోబరు, నవంబరు వానలకు మన తిరుపతిలో గోడలు చెమ్మెక్కుతాయి. అట్టపెట్టెలను గోడకు ఆనించకండి. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి, నేల మీద కాకుండా బీరువాలో పై అరలో పెట్టండి.