చారిత్రక కట్టడాన్ని అక్కడే కూర్చుని నీటిరంగుల్లో వేయడం ఎలా?

ఫొటోలో నీడ చాలాసార్లు నల్లటి మచ్చలా కనిపిస్తుంది. అదే గోడ ఎదురుగా కూర్చుంటే ఆ నీడలో ఆకాశపు నీలం, నేల మీది నుంచి పైకి తేలే వెచ్చని వెలుగు రెండూ కనిపిస్తాయి. ఆ రంగుల కోసమే అక్కడిదాకా వెళ్లి వేయాలి.

చిక్కల్లా వెలుగు ఆగకపోవడమే. సూర్యుడు ఆకాశంలో గంటకు 15 డిగ్రీలు జరుగుతాడు. అందుకే ముందుగా నీడల సంగతి తేల్చుకోవాలి. పొద్దున్నేగానీ సాయంత్రంగానీ వెళ్లండి. ఎండ పక్కనుంచి పడినప్పుడే కమానులు, అంచులు లేచి కనిపిస్తాయి. మీరు మాత్రం నీడలో కూర్చోండి. ఎండ పడిన కాగితం కళ్లు చెదిరేలా మెరుస్తుంది, దాంతో రంగులు అవసరానికి మించి ముదురుగా వేస్తారు.

సామాను కొద్దిగా చాలు: 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాములుండే) మందపాటి కాగితం, ఒక పెద్ద గుండ్రటి కుంచె, ఒక చిన్నది, ఐదారు రంగులు, నీళ్లు, గుడ్డ.

1. అరచేతిలో పట్టేంత చిన్న స్కెచ్ వేయండి. అందులో మూడే ఛాయలు: వెలుగు, మధ్యస్థం, ముదురు. ఎండ ఎటునుంచి వస్తోందో బాణం గీసి, టైమ్ రాయండి. ఇక చివరిదాకా ఈ నీడలే మీ నీడలు.

2. పెన్సిల్‌తో ముందు కంటిమట్టం గీత, అంటే మీ కళ్ల ఎత్తును చూపే అడ్డగీత, గీయండి. దానికి పైనున్న అడ్డగీతలు దూరం వెళ్లేకొద్దీ కిందికి, కిందున్నవి పైకి వాలుతాయి. చెయ్యి చాచి పెన్సిల్‌తో ఎత్తునూ వెడల్పునూ పోల్చి చూడండి. అందరూ ఎరిగిన కట్టడం కాబట్టి కిటికీలు తగ్గినా ఎవరూ పట్టించుకోరు, కొలత తప్పితే మాత్రం ఇట్టే పట్టేస్తారు. మొత్తం కట్టడం వేయాలనీ లేదు. వెనిస్‌లో పడవలో కూర్చుని నీటిరంగులు వేసిన అమెరికన్ చిత్రకారుడు జాన్ సింగర్ సార్జెంట్ ఎన్నోసార్లు మెట్లు, స్తంభాలు ఉన్న ఒక మూలనే తీసుకున్నాడు.

3. ఆకాశానికీ గోడలకీ పల్చని మొదటి పూత వేయండి. బాగా వెలుగున్న చోట కాగితపు తెలుపే మిగలాలి. నీటిరంగు ఆరాక లేతబడుతుంది కనుక కాస్త చిక్కగా కలపండి.

4. పూత ఆరాక నీడలన్నీ ఒకే ఊపులో వేయండి. నా లెక్కలో బొమ్మకు ప్రాణం ఇక్కడే పడుతుంది. అల్ట్రామెరైన్ (ముదురు నీలం), బర్న్ట్ సియెనా (ఎర్రటి గోధుమరంగు) కలిపితే మంచి బూడిదరంగు వస్తుంది. చూరు కింది నీడ, గోడ మీది నీడ, నేల మీది నీడ తెగకుండా ఒకదాంట్లో ఒకటి కలవనివ్వండి. తడి ఆరకముందే నేలకు దగ్గరగా కొంచెం బర్న్ట్ సియెనా వదలండి, నీడ వెచ్చబడుతుంది. ఒకసారి వేశాక మళ్లీ రుద్దొద్దు.

5. కిటికీలు, మనుషులు ఆఖర్న. మీరు నిలబడి వేస్తుంటే, చదునైన నేల మీద మీ ఎత్తువాళ్ల తలలు, దగ్గరున్నా దూరమున్నా, కంటిమట్టం గీత మీదే వస్తాయి.

మధ్యలో వెలుగు మారిపోతే వేసిన నీడలను దిద్దకండి. 1892, 1893ల్లో ఫ్రాన్స్‌లోని రువాఁ కెథెడ్రల్‌ను (పెద్ద చర్చిని) నూనెరంగుల్లో వేసినప్పుడు ఫ్రెంచ్ చిత్రకారుడు క్లాడ్ మోనే వెలుగు మారినప్పుడల్లా కాన్వాసు మార్చేవాడు. మీరూ కొత్త కాగితం తీయండి. పాతదాన్ని మర్నాడు అదే వేళకు అక్కడే కూర్చుని పూర్తిచేయవచ్చు.