కంప్యూటర్ సైన్స్‌లో పీజీ: డిగ్రీనీ స్పెషలైజేషన్‌నూ ఎంచుకోవడం ఎలా?

బీటెక్ మూడో ఏడాదిలో పీజీ గురించి ఆలోచించే విద్యార్థులు ఎక్కువగా అడిగే ప్రశ్న, ఏ స్పెషలైజేషన్‌కు గిరాకీ ఉందన్నది. అంతకంటే ముందు తేల్చుకోవలసింది, కోర్సులు ప్రధానంగా సాగే ఎంటెక్ కావాలా, థీసిస్ ప్రధానంగా సాగే ఎంఎస్ కావాలా అన్నది. రెండేళ్ల ఎంటెక్‌లో మొదటి ఏడాది తరగతులు, అసైన్‌మెంట్లతోనే గడిచిపోతుంది; రెండో ఏడాది ప్రాజెక్టు ఊపందుకునే వేళకు క్యాంపస్ ఇంటర్వ్యూలు వచ్చిపడతాయి. ఐఐటీ మద్రాస్, ట్రిపుల్ ఐటీ హైదరాబాద్ వంటి చోట్ల ఉన్న పరిశోధన ఎంఎస్‌లో కోర్సులు తక్కువ, సొంతంగా ఒక సమస్యను పట్టుకుని తవ్వవలసిన కాలం ఎక్కువ, రెండేళ్లు దాటడం కూడా మామూలే. మంచి ఉద్యోగమే లక్ష్యమైతే ఎంటెక్ చాలు. పీహెచ్‌డీ చేయాలని ఉన్నా, పరిశోధన తనకు సరిపడుతుందో లేదో తేలనివారికి మాత్రం ఎంఎస్ మేలని నా అభిప్రాయం.

స్పెషలైజేషన్ విషయంలో డిగ్రీ పేరును చూసి నిర్ణయించుకోవద్దు. చాలా ఐఐటీల్లో పట్టా మీద కంప్యూటర్ సైన్స్ అండ్ ఇంజినీరింగ్ అనే ఉంటుంది. మీరు ఎంచుకునే ఐచ్ఛిక కోర్సులూ (ఎలెక్టివ్‌లు), మీ థీసిస్‌కు దారి చూపే అధ్యాపకుడూ (గైడ్) కలిసి అసలు స్పెషలైజేషన్‌ను నిర్ణయిస్తాయి. అందువల్ల ఒక్కో రంగంలో ఒక చిన్న పనిని స్వయంగా చేసి చూడడమే నమ్మదగిన పరీక్ష. మెషీన్ లెర్నింగ్ అనుకుంటే, రెడీమేడ్ లైబ్రరీల జోలికి పోకుండా రెండు పొరల న్యూరల్ నెట్‌వర్క్‌కు బ్యాక్‌ప్రొపగేషన్ (తప్పును వెనక్కి పంపి నెట్‌వర్క్‌ను సరిదిద్దే పద్ధతి) సమీకరణాలను కాగితం మీద రాబట్టి, ఆపైన ప్రోగ్రాం రాయండి; లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ మీకు ఇష్టమో కాదో అక్కడే తెలిసిపోతుంది. సిస్టమ్స్ అనుకుంటే, ఎంఐటీ వారు బోధన కోసం రూపొందించిన ఎక్స్‌వీ6 అనే చిన్న ఆపరేటింగ్ సిస్టంలో కొత్త సిస్టం కాల్ (ప్రోగ్రాం ఆపరేటింగ్ సిస్టంను ఒక పని అడిగే మార్గం) ఒకటి చేర్చండి. డేటాబేస్‌ల వైపు మనసుంటే, డేటాను త్వరగా వెతకడానికి వాడే బీ ప్లస్ ట్రీ అనే అమరికను డిస్క్ మీద నిలిచేలా రాయండి. థియరీ అయితే, ఒక సమస్య ఎన్‌పీ కంప్లీట్ (వేగంగా పరిష్కరించే పద్ధతి ఇంతవరకూ దొరకని కఠిన సమస్యల వర్గం) అని చూపే రుజువులను పుస్తకం మూసి మళ్లీ రాయడానికి ప్రయత్నించండి. రెండు మూడు రోజులు ముందుకు సాగకపోయినా మళ్లీ ఏ పని దగ్గరికి వెళ్లాలనిపిస్తుందో అదే మీ రంగం.

భాషాసాంకేతికత మీద ఆసక్తి ఉన్న తెలుగు విద్యార్థులు ట్రిపుల్ ఐటీ హైదరాబాద్‌లోని లాంగ్వేజ్ టెక్నాలజీస్ రీసెర్చ్ సెంటర్‌ను తప్పక పరిశీలించాలి. ప్రత్యయాలు చేరి ఒక్క క్రియాధాతువే లెక్కలేనన్ని రూపాలు ధరించే మన భాషకు యంత్రానువాదం, ప్రసంగ గుర్తింపు సరిగా కుదరాలంటే చేయవలసిన పని ఇంకా ఎంతో ఉంది. అది మన వాళ్లు చేస్తే బాగుంటుందని మనసారా కోరుకుంటాను.

రంగం తేలాక గైడ్‌లను వెతకాలి. డీబీఎల్‌పీ అనే పరిశోధన పేపర్ల ఉచిత ఆన్‌లైన్ జాబితాలో అధ్యాపకుల పేరు కొట్టి, గత మూడేళ్ల పేపర్లను చూడండి. అవి ఏ సదస్సుల్లో వచ్చాయి, సహరచయితల్లో విద్యార్థులు ఉన్నారా అన్నవి గమనించండి. వాటిలో ఒకటి రెండు పేపర్లనైనా చివరిదాకా చదవకుండా దరఖాస్తు పెట్టవద్దు.

ఇక ప్రవేశ పరీక్ష. గేట్ కంప్యూటర్ సైన్స్ పేపర్‌లో మూడు గంటల్లో 65 ప్రశ్నలు, 100 మార్కులు ఉంటాయి. ఆ మార్కుల్లో 15 జనరల్ ఆప్టిట్యూడ్‌కు, 13 ఇంజినీరింగ్ మ్యాథ్స్‌కు పోతాయి. నెగెటివ్ మార్కులు ఒకే సరైన జవాబు ఉండే మల్టిపుల్ చాయిస్ ప్రశ్నలకే ఉన్నాయి కాబట్టి సంఖ్యను టైపు చేసే ప్రశ్నలను ఖాళీగా వదలవద్దు. 2024 నుంచి డేటా సైన్స్, ఏఐకి వేరే పేపర్ వచ్చింది; అందులో ఆపరేటింగ్ సిస్టమ్స్, నెట్‌వర్క్స్ లేవు, స్టాటిస్టిక్స్ ఉంది. స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. గేట్ అర్హతతో ఎంటెక్‌లో చేరినవారికి సాంకేతిక విద్యను పర్యవేక్షించే జాతీయ మండలి ఏఐసీటీఈ ఇచ్చే ఉపకార వేతనం నెలకు రూ.12,400. ట్రిపుల్ ఐటీ హైదరాబాద్, చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్, ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ సొంత ప్రవేశ పరీక్షలు పెడతాయి కాబట్టి వాటి గడువులను విడిగా రాసిపెట్టుకోవాలి.

దరఖాస్తుల్లో చాలామంది తడబడేది ఒకచోట: ఐఐటీల ఆఫర్లు చూపే కోయాప్ పోర్టల్‌లో నమోదు చేసుకుంటే సీటుకు దరఖాస్తు పెట్టినట్టు కాదు. ప్రతి ఐఐటీకీ దాని సొంత వెబ్‌సైట్‌లో వేరుగా దరఖాస్తు చేయాలి. ఎన్‌ఐటీలకు మాత్రం సీసీఎంటీ అనే ఉమ్మడి కౌన్సెలింగ్ ద్వారా ఒకే దరఖాస్తు, ఆప్షన్ల వరుస సరిపోతాయి. కోయాప్‌లో ఆఫర్‌ను ఖరారు చేసి ఫ్రీజ్ చేస్తే తర్వాతి రౌండ్లలో మెరుగైన సీటు వచ్చే అవకాశం పోతుంది. రిటెయిన్ అంటే చేతిలో సీటు ఉంచుకుని ఎదురుచూడడం.

ఎంఎస్ ఇంటర్వ్యూలో ఇష్టమైన సబ్జెక్టులు చెప్పమన్నప్పుడు అడుగంటా చదివిన రెండింటినే చెప్పండి, ఎందుకంటే ప్రశ్నలు అక్కడినుంచే లోతుకు వెళ్తాయి. తెలియని చోట తెలియదని చెప్పి, తెలిసిన దాని నుంచి ఎలా ఆలోచిస్తారో బోర్డు మీద చూపండి. ఆఫర్ వచ్చాక, ఒప్పుకునే ముందే ఆ గైడ్ దగ్గర ఇప్పుడు చదువుతున్నవారికి మర్యాదగా ఈమెయిల్ రాసి, వారానికి ఎంతసేపు మాట్లాడే వీలు దొరుకుతుంది, ముందటి విద్యార్థుల థీసిస్‌లు ఎంతకాలంలో ముగిశాయి, ఇంటర్న్‌షిప్‌కు పంపుతారా అన్న మూడు సంగతులు అడిగి తెలుసుకోండి.