డ్యూయల్ బూట్ సిస్టమ్ బూట్ కానప్పుడు: ఎక్కడ ఆగిందో చూసి సరిచేయండి

విండోస్, లినక్స్ రెండూ ఉన్న కంప్యూటర్ ఉన్నట్టుండి నల్ల తెర మీద ఆగిపోతే, కంగారుపడి ఫార్మాట్ కొట్టేవాళ్లే ఎక్కువ. ఆ పని చేయకండి. బూట్ కాకపోవడం వేరు, డేటా పోవడం వేరు. విండోస్ పెద్ద అప్‌డేట్ పడినా, పార్టిషన్ సైజు మార్చినా సాధారణంగా దెబ్బతినేది ఒక బూట్ ఎంట్రీ, లేదంటే దారి చూపే రెండు మూడు చిన్న ఫైళ్లు. మీ ఫొటోలు, డాక్యుమెంట్లు ఉన్న పార్టిషన్ ఎక్కడిదక్కడే ఉంటుంది. ఆ తర్వాత తొందరపడి చేసే మరమ్మతే చాలాసార్లు దాన్ని చెరిపేస్తుంది.

ఇప్పటి సిస్టమ్‌లలో దాదాపు అన్నీ యూఈఎఫ్ఐ పద్ధతిలో బూట్ అవుతాయి. పవర్ నొక్కగానే మదర్‌బోర్డులోని ఫర్మ్‌వేర్ తన దగ్గరున్న బూట్ ఎంట్రీల వరుస చూస్తుంది. మొదటి ఎంట్రీ ఈఎస్‌పీ అనే చిన్న ఫ్యాట్32 పార్టిషన్‌లోని ఒక ఫైలు వైపు చూపిస్తుంది. విండోస్ తన ఫైళ్లను అక్కడ మైక్రోసాఫ్ట్ ఫోల్డర్‌లో పెడుతుంది, ఉబుంటు (ఒక రకం లినక్స్) తనవి ఉబుంటు ఫోల్డర్‌లో పెడుతుంది. ఉబుంటు వైపు వెళ్తే ముందు షిమ్ (గ్రబ్‌ను తెరిచే చిన్న ఫైలు), తర్వాత గ్రబ్ (ఏ సిస్టమ్ కావాలో అడిగే మెనూ), ఆ తర్వాత కెర్నల్ (లినక్స్ అసలు భాగం) లోడవుతాయి. వీటిలో ఏ మెట్టు మీద ఆగిందో తెలిస్తే ఏది ముట్టుకోవాలో, ఏది ముట్టుకోకూడదో తెలిసిపోతుంది. (ఇక్కడ కమాండ్లు పలికేలా రాశాం, టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లోనే కొట్టాలి.)

మొదలుపెట్టే ముందు

8 జీబీ పెన్‌డ్రైవ్ మీద ఉబుంటు లైవ్ (ఇన్‌స్టాల్ చేయకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిచే ఉబుంటు) ఒకటి, వీలైతే మరో దాని మీద విండోస్ ఇన్‌స్టలేషన్ మీడియా సిద్ధం చేసుకోండి. విండోస్ డ్రైవ్‌కు బిట్‌లాకర్ (డ్రైవ్‌కు తాళం వేసే విండోస్ ఎన్‌క్రిప్షన్) ఉంటే 48 అంకెల రికవరీ కీ ముందే చేతిలో ఉండాలి. సెక్యూర్ బూట్ (సంతకం ఉన్న బూట్ ఫైళ్లనే నడవనిచ్చే రక్షణ) ఆపినా, బూట్ వరుస మార్చినా బిట్‌లాకర్ ఆ కీ అడగొచ్చు. అది లేకుండా ఆ డ్రైవ్ తెరవడానికి దారి లేదు.

లైవ్‌లోకి వెళ్లాక ముఖ్యమైన ఫైళ్లు బయటి డ్రైవ్‌కు కాపీ చేయండి. డిస్క్స్ యాప్‌లో స్మార్ట్ (డిస్క్ ఆరోగ్యం) వివరాలు కూడా తెరిచి చూడండి. రీఅలొకేటెడ్ సెక్టార్లు, పెండింగ్ సెక్టార్లు (పాడైన, పాడవుతున్న చోట్లు) పెరుగుతూ ఉంటే డిస్కే చివరి దశలో ఉందని అర్థం. అలాంటి డిస్క్ మీద ఏ మరమ్మతూ చేయకూడదు. ముందు డీడీరెస్క్యూ అనే టూల్‌తో వేరే డిస్క్‌కు క్లోన్ తీసి, ఆ క్లోన్ మీద పని చేయాలి.

ఇంకొకటి, ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. బూట్ మెనూలో పెన్‌డ్రైవ్ పేరు తరచు రెండుసార్లు కనిపిస్తుంది: ఒకటి యూఈఎఫ్ఐ అని, ఇంకొకటి ఉత్త పేరుతో. విండోస్ యూఈఎఫ్ఐలో ఉంటే పెన్‌డ్రైవ్‌ను కూడా యూఈఎఫ్ఐలోనే బూట్ చేయాలి. లెగసీలో (పాత బయోస్ పద్ధతిలో) బూట్ చేసి గ్రబ్ ఇన్‌స్టాల్ చేస్తే అది లెగసీ గ్రబ్‌ను పెడుతుంది, యూఈఎఫ్ఐ ఎంట్రీ రాయడం కుదరదు. అన్నీ సరిగ్గా చేశామనుకున్నా ఫలితం కనిపించదు. అనుమానముంటే లైవ్‌లో /సిస్/ఫర్మ్‌వేర్/ఈఎఫ్ఐ అనే ఫోల్డర్ ఉందో లేదో చూడండి. ఉంటే సరైన పద్ధతిలో ఉన్నట్టే.

గ్రబ్ మెనూ రాకుండా నేరుగా విండోస్ వస్తోంది

ఇది అన్నిటికంటే తేలిక. ఆన్ చేస్తూ ఎఫ్12, ఎఫ్9, ఎస్కేప్‌లలో మీ సిస్టమ్‌కు పనిచేసే కీ నొక్కి బూట్ మెనూ తెరవండి. అందులో ఉబుంటు కనిపిస్తే గ్రబ్ క్షేమం, వరుస మాత్రమే మారింది. దాన్ని ఎంచుకుని లినక్స్‌లోకి వెళ్లి, సుడో ఈఎఫ్ఐబూట్‌ఎంజీఆర్ అని కొట్టండి. ప్రతి ఎంట్రీకీ నాలుగు అంకెల నంబరు కనిపిస్తుంది. ఉబుంటుది 0003, విండోస్‌ది 0000 అనుకుంటే, అదే కమాండ్‌కు -ఓ 0003,0000 జోడిస్తే వరుస మారుతుంది. కొన్ని ఫర్మ్‌వేర్‌లు ఈ మార్పును లెక్కచేయవు. అప్పుడు బయోస్ సెటప్‌లోకి వెళ్లి అక్కడే మార్చాలి.

మెనూలో ఉబుంటు పేరే లేకపోతే ఎంట్రీ చెరిగిపోయింది. కింద చెప్పిన క్రూట్ (లైవ్ నుంచి మీ లినక్స్ లోపలికి వెళ్లే) పద్ధతిలో గ్రబ్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే ఎంట్రీ కూడా తిరిగి వస్తుంది.

గ్రబ్ వస్తోంది కానీ అందులో విండోస్ లేదు

విండోస్ పోలేదు. గ్రబ్ 2.06 నుంచి వేరే ఆపరేటింగ్ సిస్టమ్‌లను వెతికే ఓఎస్-ప్రోబర్‌ను డిఫాల్ట్‌గా ఆపేశారు. /ఈటీసీ/డిఫాల్ట్/గ్రబ్ ఫైల్ తెరిచి గ్రబ్_డిసేబుల్_ఓఎస్_ప్రోబర్=ఫాల్స్ అనే లైన్ పెట్టండి. ఈ లైన్‌లో పేరు మాత్రం పెద్ద అక్షరాల్లో, ఫాల్స్ చిన్న అక్షరాల్లో ఉండాలి. తర్వాత సుడో అప్‌డేట్-గ్రబ్. అప్పుడు తెర మీద విండోస్ బూట్ మేనేజర్ దొరికిందన్న లైన్ కనిపించాలి. అది కనిపించకపోతే రీస్టార్ట్ చేసి లాభం లేదు. ఈఎస్‌పీలో మైక్రోసాఫ్ట్ ఫోల్డర్ ఉందో లేదో ముందు చూసుకోవాలి.

గ్రబ్ రెస్క్యూ, లేదా ఉత్త గ్రబ్ ప్రాంప్ట్

ఈ రెండూ ఒకేలా కనిపించినా ఒకటి కాదు. రెస్క్యూ ప్రాంప్ట్ వచ్చిందంటే గ్రబ్‌కు తన మాడ్యూళ్లు కూడా దొరకలేదు. లెగసీ సిస్టమ్‌లలో పార్టిషన్ నంబర్లు మారినా, లినక్స్ పార్టిషన్ డిలీట్ చేసినా ఇదే వస్తుంది. ఎల్ఎస్ అని కొడితే పార్టిషన్ల పేర్లు వస్తాయి. ఒక్కొక్కటీ పరీక్షించండి: ఎల్ఎస్ (హెచ్‌డీ0,ఎంఎస్‌డాస్5)/బూట్/గ్రబ్. అన్‌నోన్ ఫైల్‌సిస్టమ్ అంటే అది లినక్స్‌ది కాదు, తర్వాతిది చూడండి. ఫైళ్ల జాబితా వచ్చిందంటే దొరికినట్టే. అప్పుడు వరుసగా నాలుగు లైన్లు: సెట్ రూట్=(హెచ్‌డీ0,ఎంఎస్‌డాస్5), సెట్ ప్రిఫిక్స్=(హెచ్‌డీ0,ఎంఎస్‌డాస్5)/బూట్/గ్రబ్, ఇన్స్‌మాడ్ నార్మల్, నార్మల్. మెనూ వచ్చేస్తుంది. కానీ ఇది ఈ ఒక్కసారికే. లినక్స్‌లోకి వెళ్లగానే సుడో గ్రబ్-ఇన్‌స్టాల్ /డెవ్/ఎస్‌డీఏ అని, ఆపైన సుడో అప్‌డేట్-గ్రబ్ అని కొట్టాలి. డిస్క్ పేరు ఎస్‌డీఏ దగ్గరే ఆపండి. ఎస్‌డీఏ5 అని పార్టిషన్ పేరు ఇస్తే తప్పు.

యూఈఎఫ్ఐ ఉబుంటులో ఎక్కువగా వచ్చేది ఉత్త గ్రబ్ ప్రాంప్ట్. ఎందుకో చూడాలంటే ఈఎస్‌పీలోని ఉబుంటు ఫోల్డర్‌లో ఉన్న చిన్న గ్రబ్.సీఎఫ్‌జీ తెరవండి. అందులో మూడే లైన్లు. మొదటిది ఫలానా యూయూఐడీ (పార్టిషన్ గుర్తింపు నంబరు) ఉన్న పార్టిషన్‌ను వెతకమంటుంది, రెండోది అక్కడి గ్రబ్ ఫోల్డర్ చూపిస్తుంది, మూడోది అసలు మెనూ ఫైలును తెరుస్తుంది. లినక్స్ పార్టిషన్‌ను ఫార్మాట్ చేసి ఫైళ్లు తిరిగి పెట్టినా, కొత్త పార్టిషన్‌లోకి మార్చినా యూయూఐడీ మారిపోతుంది. ఆ మొదటి లైన్ పాత నంబరు కోసమే వెతుకుతూ ఉంటుంది. తాత్కాలికంగా సెట్ రూట్=(హెచ్‌డీ0,జీపీటీ5), తర్వాత కాన్ఫిగ్‌ఫైల్ /బూట్/గ్రబ్/గ్రబ్.సీఎఫ్‌జీ అని కొట్టి మెనూ తెచ్చుకోవచ్చు. శాశ్వతంగా కావాలంటే గ్రబ్ మళ్లీ ఇన్‌స్టాల్ చేయాలి.

క్రూట్‌తో గ్రబ్ మళ్లీ పెట్టడం

లైవ్‌లో ఎల్ఎస్‌బీఎల్‌కే -ఎఫ్, సైజుల కోసం ఉత్త ఎల్ఎస్‌బీఎల్‌కే కొట్టి పార్టిషన్లు గుర్తుపట్టండి. 100 ఎంబీ చుట్టుపక్కల ఉన్న ఫ్యాట్32 ఈఎస్‌పీ, ఈఎక్స్‌టీ4 లినక్స్‌ది, పెద్ద ఎన్‌టీఎఫ్ఎస్ విండోస్‌ది, చివర్లో వందల ఎంబీల ఎన్‌టీఎఫ్ఎస్ రికవరీది. ఈఎస్‌పీ 1, లినక్స్ 5 అయితే:

సుడో మౌంట్ /డెవ్/ఎన్‌వీఎంఈ0ఎన్1పీ5 /ఎంఎన్‌టీ
సుడో మౌంట్ /డెవ్/ఎన్‌వీఎంఈ0ఎన్1పీ1 /ఎంఎన్‌టీ/బూట్/ఈఎఫ్ఐ
సుడో మౌంట్ --ఆర్‌బైండ్ /డెవ్ /ఎంఎన్‌టీ/డెవ్

చివరి లైన్‌నే ప్రాక్, సిస్ ఫోల్డర్లకు కూడా కొట్టండి. తర్వాత సుడో క్రూట్ /ఎంఎన్‌టీ, గ్రబ్-ఇన్‌స్టాల్, అప్‌డేట్-గ్రబ్, ఎగ్జిట్. క్రూట్‌ను అక్షరాల్లో సీహెచ్‌రూట్ అని రాయాలి. ఈఎస్‌పీ మౌంట్ చేయడం మరిచిపోతే గ్రబ్-ఇన్‌స్టాల్ ఈఎఫ్ఐ ఫోల్డర్ దొరకలేదంటూ ఆగిపోతుంది. ఫెడోరా (ఇంకో రకం లినక్స్) యూఈఎఫ్ఐలో గ్రబ్-ఇన్‌స్టాల్ కమాండ్ వాడకండి. అక్కడ షిమ్, గ్రబ్2 ప్యాకేజీలను డీఎన్ఎఫ్‌తో రీఇన్‌స్టాల్ చేయడమే సరైన పద్ధతి.

విండోస్ బూట్ ఫైళ్లే పోతే

లినక్స్ ఇన్‌స్టాల్ చేస్తూ ఈఎస్‌పీకి ఫార్మాట్ టిక్ పెట్టేస్తే ఇలా అవుతుంది. విండోస్ మీడియాతో బూట్ చేసి రిపేర్, ట్రబుల్‌షూట్, కమాండ్ ప్రాంప్ట్. డిస్క్‌పార్ట్‌లో లిస్ట్ వాల్యూమ్ చూసి, ఫ్యాట్32 వాల్యూమ్‌ను సెలెక్ట్ చేసి, అసైన్ లెటర్=ఎస్, ఎగ్జిట్. తర్వాత బీసీడీబూట్ సీ:\విండోస్ /ఎస్ ఎస్: /ఎఫ్ యూఈఎఫ్ఐ. రికవరీలో విండోస్ డ్రైవ్ అక్షరం సీ కాకుండా డీ కావొచ్చు కాబట్టి డిర్ కొట్టి ఖాయం చేసుకున్నాకే ఈ లైన్ కొట్టండి. ఎవరిని అడిగినా చెప్పే బూట్‌రెక్ /ఫిక్స్‌ఎంబీఆర్ లెగసీ సిస్టమ్‌లకే పనికొస్తుంది. యూఈఎఫ్ఐ సిస్టమ్‌కు దానితో ఒరిగేదేమీ లేదు.

షిమ్ ఎస్‌బ్యాట్ (పాత బూట్ ఫైళ్లను అడ్డుకునే సెక్యూర్ బూట్ తనిఖీ) అని ఎర్రర్ వచ్చి సిస్టమ్ ఆగిపోతే అది వేరే విషయం. 2024 ఆగస్టు విండోస్ అప్‌డేట్ తర్వాత చాలా డ్యూయల్ బూట్ సిస్టమ్‌లలో ఇది కనిపించింది. సెక్యూర్ బూట్ ఆపి, లినక్స్‌లోకి వెళ్లి, సుడో మోక్‌యుటిల్ --సెట్-ఎస్‌బ్యాట్-పాలసీ డిలీట్ కొట్టి, ఒకసారి మళ్లీ లినక్స్‌లోకే బూట్ అయ్యాక సెక్యూర్ బూట్ తిరిగి ఆన్ చేయాలి.

పార్టిషన్లు మార్చేటప్పుడు

విండోస్ పార్టిషన్‌ను విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్‌తోనే తగ్గించండి, లినక్స్ పార్టిషన్‌ను లైవ్‌లో జీపార్టెడ్‌తో మార్చండి. అంతకుముందే విండోస్‌లో పవర్‌సీఎఫ్‌జీ /హెచ్ ఆఫ్ కొట్టి ఫాస్ట్ స్టార్టప్ ఆపేయండి. ఫాస్ట్ స్టార్టప్ ఉన్నంతకాలం విండోస్ షట్‌డౌన్ అయినట్టు కనిపించినా సగం నిద్రలోనే ఉంటుంది. లినక్స్ ఆ డ్రైవ్‌ను రీడ్-ఓన్లీగా తెరవడమో, అసలు తెరవకపోవడమో చేస్తుంది. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఎక్స్‌టెండ్ వాల్యూమ్ (పార్టిషన్ పెంచే ఆప్షన్) బూడిద రంగులో ఉంటే ఖాళీ స్థలం సీ డ్రైవ్‌కు వెంటనే కుడిపక్కన లేదని అర్థం. చాలాసార్లు మధ్యలో రికవరీ పార్టిషన్ అడ్డుంటుంది. లినక్స్ పార్టిషన్ మొదలయ్యే చోటును జరిపితే లోపలి డేటా అంతా కదలాలి. గంటలు పట్టే పని అది, మధ్యలో కరెంటు పోతే డేటా తిరిగి రాదు. లాప్‌టాప్ చార్జర్ తీయకండి.

ఆ తర్వాత లినక్స్ 1 నిమిషం 30 సెకన్లు ఆగి ఎమర్జెన్సీ మోడ్‌లో పడితే, /ఈటీసీ/ఎఫ్ఎస్‌ట్యాబ్ (బూట్‌లో తెరవాల్సిన పార్టిషన్ల జాబితా) ఫైల్లో, ఇప్పుడు ఏ పార్టిషన్‌కూ లేని పాత యూయూఐడీ ఒకటి మిగిలిపోయింది. బీఎల్‌కేఐడీ కమాండ్ చూపించే కొత్త నంబరుతో ఆ లైన్ సరిచేయండి. తప్పనిసరి కాని డ్రైవ్ అయితే నోఫెయిల్ (అది దొరకకపోయినా బూట్ ఆగకుండా చూసే ఆప్షన్) జోడించండి.

పార్టిషనే కనిపించకుండా పోతే కొత్తది సృష్టించకండి, ఫార్మాట్ చేయమని విండోస్ అడిగినా ఒప్పుకోకండి. లైవ్ నుంచి టెస్ట్‌డిస్క్ అనే టూల్ నడిపి, అనలైజ్, క్విక్ సెర్చ్ చేయండి. దొరికిన పార్టిషన్ మీద పీ నొక్కితే లోపలి ఫైళ్లు కనిపిస్తాయి. అవి మీవే అని కళ్లారా చూశాకే రైట్ (డిస్క్‌కు రాయడం) ఎంచుకోండి. ఫైళ్లు కాపీ చేసుకుంటుంటే వేరే డిస్క్‌లోకి మాత్రమే చేయండి.