కృప మీద బతుకుతున్నమా, మన భక్తి మార్కుల మీదనా? ఎట్ల చూసుకోవాలె, ఎట్ల మార్చుకోవాలె

ఇది ముఖ్యంగ చిన్నప్పటి నుంచి చర్చికి పోయేటోళ్ల కోసం రాస్తున్న. కొత్తగ నమ్ముకున్నోళ్లకు కృప అంటే, మనం సంపాదించుకోకుండనే దేవుడు చూపెట్టే దయ అంటే, ఏందో బాగనే తెలుసు, ఎక్కడినుంచి వచ్చిన్రో వాళ్లకు ఇంకా యాదికుంటది. శుక్రవారం ఉపవాస ప్రార్థన, ఆదివారం ఆరాధన, నెలకోసారి బల్ల (ప్రభు రాత్రి భోజనం), ఇవన్ని అలవాటైపోయిన మనకే కష్టం. హన్మకొండ, కాజీపేట దిక్కు ఏ సంఘంల కూసున్నా కృప గురించి పాటలు వినపడతయ్, మనం కూడ చప్పట్లు కొట్టుకుంట పాడుతం, కానీ ఇంటికొచ్చినంక దేవుడు ఈరోజు నా మీద సంతోషంగ ఉన్నడా లేడా అనేది మాత్రం పొద్దున బైబిల్ చదివిన్నా లేదా, కానుక ఎంత వేసిన్నా అన్నదాన్ని బట్టే లెక్కేసుకుంటం. లోపలికొచ్చింది కృపతోటి, లోపల నిలబడేది మార్కులతోటి అన్నట్టు. పౌలు ఉత్తరం రాసిన గలతీ సంఘపోళ్లు చేసింది ఇదే, ఆత్మతోటి మొదలువెట్టి శరీరంతోటి పూర్తి చేద్దామనుకున్నరు, అందుకే పౌలు వాళ్లను అవివేకులైన గలతీయులారా అని అంత గట్టిగ కోప్పడిండు (గలతీ 3:1-3).

మరి మనం ఏ దిక్కున్నమో ఎట్ల తెలుస్తది? ముందు మీ ప్రార్థన చూసుకోండి. శనివారం రాత్రి ఇంట్ల అందరు పండుకున్నంక లూకా 18వ అధ్యాయం 9 నుంచి 14 వరకు ఒకసారి బయటికి చదవండి, ఆ తర్వాత మీరు రోజు ఎట్ల ప్రార్థన చేస్తరో అట్లనే చేసి, అయిపోయినంక యాదికున్నంత ఒక కాయితం మీద రాసుకోండి. అండ్ల పరిసయ్యుడు (ధర్మశాస్త్రాన్ని గట్టిగ పాటించే యూదుడు) మొదలువెట్టిందే కృతజ్ఞతతోటి, ఇది చానమంది గమనించరు. "ఈ సుంకరివలెనైనను ఉండనందుకు నీకు కృతజ్ఞతాస్తుతులు" అంటున్నడు ఆయన (సుంకరి అంటే పన్ను వసూలు చేసేటోడు), అంటే దేవునికి స్తోత్రం చెప్పుకుంటనే పక్కోన్ని తొక్కుతున్నడు. అందుకే సాక్ష్యంల ముందుగాల "దేవుని కృపవల్ల" అని ఒక మాట అన్నంత మాత్రాన అది కృప సాక్ష్యం అయిపోదు, ఆ మాట తర్వాత ఏమేం వస్తున్నయో చూడాలె. ధర్మశాస్త్రంల అందరికి విధించిన ఉపవాసం ఏడాదికి ఒక్కరోజు, ప్రాయశ్చిత్త దినం నాడు (లేవీయకాండము 16), ఈయన వారానికి రెండుసార్లు చేస్తున్న అని చెప్పుకుంటున్నడు, దేవుడు అడగంది కూడ చేసి ఆ ఎక్కువ చేసినదాన్ని దేవుని ముంగట పెడుతున్నడు. సుంకరి దగ్గర చూపెట్టేందుకు ఏం లేదు, రొమ్ము కొట్టుకుంట "దేవా, పాపినైన నన్ను కరుణించుము" అన్నడు, నీతిమంతుడిగ ఇంటికి పోయింది ఇతనే. ఇప్పుడు మీ కాయితం చూడండి. వేరేటోళ్ల పేరు ఎక్కడన్న వచ్చిందా, వాళ్ల లెక్క మేం లేం అన్న అర్థం ఎక్కడన్న ఉన్నదా? ఉంటే దాని కింద గీత కొట్టుకోండి, ఎవరికి చూపెట్టే పని లేదు.

ఇంకొక పరీక్ష ఉన్నది, ఇది నాకు అన్నిటికంటె సూటిగ అనిపిస్తది. మత్తయి 20ల ద్రాక్షతోట కూలీలను మన లేబర్ అడ్డా మీద నిలబెట్టి చూడండి. పొద్దుగాల ఆరింటికే టిఫిన్ డబ్బ పట్టుకొని వచ్చి నిలబడ్డ మనిషి, మేస్త్రీలు బలమున్నోళ్లను ఏరుకొని తీస్కపోతుంటే సాయంత్రం ఐదింటిదాక ఎవ్వరు పిలవక అక్కడ్నే ఉండిపోయిండు, ఖాళీ చేతులతోటి ఇంటికెట్ల పోవాలె, పిల్లలకేం చెప్పాలె అని. ఆ మనిషికి ఒక్క గంట పనికి యజమాని పూర రోజు కూలి చేతుల పెట్టిండు. పొద్దటి నుంచి ఎండల పనిచేసినోళ్లకు ఒక్క రూపాయి కూడ తక్కువ ఇయ్యలే, ఒప్పుకున్నంత ఇచ్చిండు, ఐనా వాళ్లు సణిగిన్రు. మీ సంఘంల నిన్నమొన్న మారుమనస్సు పొందిన తాగుబోతు అన్నకు దేవుడు మంచి పని, మంచి ఇల్లు ఇచ్చిండనుకోండి, ఇరవై ఏండ్ల సంది సేవ చేస్తున్న మీకు ఇంకా కిరాయి ఇల్లే అనుకోండి, అప్పుడు లోపల ఏమనిపిస్తది? చురుక్కుమంటే ఇన్నేండ్లు చేసిన సేవను మీరు కూలి లెక్కల రాసుకుంటున్నరన్నట్టు.

ఇగ రెండో పని, దేవుని ఆజ్ఞ ఏదో మనుషులు కలిపింది ఏదో వేరు చేసుకునుడు. ఒక నోట్‌బుక్కుల, ఏది చూస్తే మీకు "వీళ్లకు రక్షణ లేదు" అనిపిస్తదో అవన్ని రాయండి, మొహమాటం లేకుండ. బొట్టు, గాజులు, పూలు, చెవులకు కమ్మలు, సినిమాలు, నెత్తి మీద ముసుగు లేకపోవుడు, తెల్లచీర కట్టకపోవుడు, సంపాదనల పదోవంతు సంఘానికి సరిగ్గ ఇయ్యకపోవుడు. ఒక్కొక్కదాని పక్కన వాక్యం రాయండి, ఆ వాక్యం కిందిది పైది కలిపి చదవండి. మొదటి పేతురు 3:3-4 తీస్కోండి, పేతురు అక్కడ చెప్పింది స్త్రీకి అలంకారం ఎక్కడ ఉండాలె అని, నగలు తీసేస్తే రక్షణ వస్తదని ఆయన ఎక్కడ అనలే. నగలు తీసేసిన అక్కలంటే నాకు చాన గౌరవం, ప్రభువు కోసం తీసేసినమని ప్రేమతోటి చెప్పేటోళ్లు మస్తుమంది ఉన్నరు, రోమా 14ల పౌలు అట్లాంటి నిర్ణయాలు ఎవరి మనస్సుల వాళ్లు రూఢిపరచుకోవాలె అంటడు. గొడవ ఎక్కడొస్తదంటే ఆమె తీసింది కాబట్టి నువ్వు కూడ తియ్యాలె, తియ్యకపోతే బల్ల లేదు అన్నప్పుడు.

మార్కు 7ల కొర్బాను సంగతి ఈ లిస్టుల తప్పకుండ రాసుకోండి. తల్లిదండ్రులకు ఇయ్యాల్సినదాన్ని "ఇది దేవునికి అర్పితం" అని చెప్పి తప్పించుకునేటోళ్లు, యేసయ్య దానికి బాగ కోపం చేసిండు. ఊర్ల ఉన్న అమ్మకు బీపీ గోలీలకు పైసలు పంపకుండ, మందిరంల కట్టడం ఫండుకు పేరు రాయించుకునుడు అసొంటిదే. ఇట్లాంటిది మీ ఇంట్ల ఉంటే ఈ నెలనే మార్చండి, ముందు అమ్మకు పంపి తర్వాత కవరు నింపండి.

అట్లని ఉపవాసం మానేయమని, పదోవంతు బందు పెట్టమని కాదు. చేసే తీరు మార్చుకోవాలె. మత్తయి 6ల యేసయ్య ఉపవాసం చేస్తే తల అంటుకొని మొహం కడుక్కోమన్నడు, అంటే ఇంటోళ్లకు కూడ గుర్తు దొరకకుండ. కాబట్టి స్టేటస్‌ల "ఈరోజు 21వ రోజు ఉపవాసం" అని పెట్టుడు బందు చెయ్యండి. కానుక మైకుల చదవకుండ్రి అని పెద్దలకు ముందే చెప్పండి. ఒకరోజు బైబిల్ చదువుడు తప్పిపోయిందనుకో, రేపు రెండింతలు చదివి సర్దుబాటు చెయ్యకుండ్రి, రేపటిది రేపు మామూలుగ చదవండి, తప్పిన రోజు దేవుని దగ్గర బాకీ లెక్క ఉండదు. ఇది చిన్నదిగ కనపడతది గానీ, ఆ బాకీ కట్టాలన్న తొందర పోయిననాడు చదువుడే మారిపోతది.

ఇప్పుడు అసలైన కష్టం, తిండి దగ్గర. పేతురు అంతియొకయల అన్యజనులతోటి, అంటే యూదులు కానోళ్లతోటి, కలిసి తినేటోడు, యెరూషలేము సంఘపెద్ద యాకోబు దగ్గరి నుంచి కొంతమంది రాంగనే వెనక్కి తగ్గి పక్కకు పోయిండు, బర్నబా కూడ ఆయన వెంటపోయిండు, పౌలు అందరి ముంగటనే నిలదీసిండు (గలతీ 2:11-14). అన్నం పళ్లెం దగ్గర వెనక్కి జరిగితే పౌలు దాన్ని సువార్త సత్యానికే దెబ్బ అనుకున్నడు. మన ఊర్లల్ల ఇప్పటికి ఏ వాడ విశ్వాసుల ఇంట్ల తింటరు, ఏ వాడోళ్ల ఇంట్ల చాయ్ కూడ తాగరు అన్నది అందరికి తెలిసిందే, ఎవ్వరు నోరు విప్పరు. వి.ఎస్. అజరయ్య గారు, మన దోర్నకల్ దిక్కు సేవ చేసినాయన, 1910ల ఎడిన్‌బరో మిషనరీ మహాసభల తెల్లదొరల ముంగట ఇదే బాధ చెప్పిండు, మీరు ఆస్తులిచ్చిన్రు, ప్రాణాలిచ్చిన్రు, మాకు ప్రేమ కూడ కావాలె, మాకు స్నేహితులను ఇయ్యండి అని. రెండేండ్లకు, 1912ల, ఆయన దోర్నకల్ బిషప్ అయిండు, ఆంగ్లికన్ బిషప్పులల్ల మొదటి భారతీయుడు ఆయన. త్యాగం ఎంత చేసినా కలిసి కూసోని తినకపోతే పైనున్నోడు కిందోనికి చేసిన ధర్మం లెక్కనే ఉంటది. అందుకని నెలకొక్కసారన్న, మీరు ఎప్పుడు పోని ఇంటికి పోయి వాళ్లు పెట్టింది తినండి, మీరు వండుకొని తీస్కపోవుడు కాదు.

వేరే దేవుళ్లను మొక్కే పక్కింటోళ్లతోటి కూడ ఇంతే. మేడారం జాతర అయినంక బంగారం అని బెల్లం పట్టుకొస్తరు. మొదటి కొరింథీ 10:27-29ల పౌలు, పెట్టింది అడగకుండ తినండి, అర్పించిందని ఎవరన్న చెప్తే మాత్రం ఆ చెప్పినోళ్ల మనస్సాక్షి కోసం తినకుండ్రి అన్నడు. కాబట్టి తీసుకోకపోవుడు తప్పని నేనన. తలుపు సగమే తీసి "మేం తినం" అని మొహం మాడ్చుకునుడు వేరు, "వదినా, లోపలికి రా, కూసో, ప్రసాదం మేం తీసుకోం, ఏమనుకోకు, చాయ్ పెడుత తాగి పో" అనుడు వేరు. రెండుసార్లు కూడ బెల్లం తీసుకోలే, కానీ రెండోసారి వదిన మల్లొస్తది.

విశ్వాసంల నుంచి పడిపోయిన పిల్లలతోటి ఎట్లుండాలె అన్నది చాన ఇండ్లల్ల నడుస్తున్న బాధ. ఒక సంఘంల నా కండ్ల ముంగట జరిగింది, పెండ్లయినంక చానరోజులకు ఒక బిడ్డ వచ్చింది, చేతులకు ఎర్రగాజులు, జడల మల్లెపూలు, ఎనుకనే చాప మీద కూసున్నది. బల్ల ఆరాధనల చిన్నచిన్న గ్లాసుల పళ్లెం వరుసగ వస్తున్నది, ఆ బిడ్డ చెయ్యి చాపేవరకు పట్టుకున్నాయన ఆమె గాజులు చూసి పళ్లెం పైకి లేపి అవతలామెకు ఇచ్చిండు. ఒక్క మాట అనలే. ఆ తర్వాత ఆమె మల్ల రాలే. గలతీ 6:1 చదివితే అట్ల చెయ్యబుద్ధి కాదు, ఎవరన్న తప్పిదంల చిక్కుకుంటే సాత్వికమైన మనస్సుతోటి మంచి దారికి తేవాలె, నువ్వు కూడ శోధనల పడుతవేమో చూసుకో అంటది. ఇక్కడైతే తప్పిదం అని చెప్పేందుకు గాజులు తప్ప ఏం లేదు.

ఇట్లాంటోళ్లు వచ్చిననాడు ఏం చెయ్యాలంటే, ముందు పక్కన జాగ ఇయ్యండి. "ఇన్ని రోజులు ఏడవోయినవ్" అనే ప్రశ్న అడగకుండ్రి, "తిన్నవా బిడ్డా, పిల్లలెట్లున్నరు" అని అడగండి. నిజంగ మాట్లాడాల్సిన తప్పే ఉన్నదనుకోండి, అది ఇంటికి పోయి, ఒక్కరే, తలుపు దగ్గరికేసి మాట్లాడాలె, ప్రార్థన అంశం అని మైకుల చెప్పుడు అస్సలు వద్దు.

ఇంత చెప్తే పెద్దలు కొంతమంది అంటరు, కృప కృప అని అంటే పిల్లలు చెడిపోతరు అని. ఆ భయం నాకు అర్థమైతది, వాళ్లు పిల్లల మీద ప్రేమతోనే అంటరు, పౌలుకు కూడ ఇదే ప్రశ్న వచ్చింది, "కృప విస్తరింపవలెనని పాపమందు నిలిచియుందుమా" అని ఆయనే అడిగి ఆయనే కాదన్నడు (రోమా 6:1-2). సుంకరుల పెద్ద జక్కయ్య సంగతి చూడండి (లూకా 19). యేసయ్య ముందు షరతు పెట్టలే, పైసలు వాపసు కట్టినంక వస్త అనలే, చెట్టు మీదున్నోన్ని పేరు పెట్టి పిలిచి ఇయ్యాల నీ ఇంట్లనే ఉంట అన్నడు, చుట్టున్నోళ్లు సణిగిన్రు. ఆ తర్వాతనే జక్కయ్య లేచి సగం ఆస్తి బీదోళ్లకు, అన్యాయంగ గుంజుకున్నదానికి నాలుగంతలు ఇస్త అన్నడు. తప్పు ఒప్పుకొని వాపసు ఇచ్చేటోనికి ధర్మశాస్త్రం అసలు మీద ఐదోవంతు కలిపితే చాలన్నది (సంఖ్యాకాండము 5:7). ఎవ్వరు అడగకముందే దానికంటె ఎంతో ఎక్కువ ఇచ్చిండు. తీతు 2:11-12ల కూడ భక్తిగ బతుకుడు నేర్పించేది కృపనే అని ఉన్నది.

చివరగ, మీ సంఘంల దీనికి ఎవరన్న అడ్డం మాట్లాడితే వాట్సాప్ గ్రూపుల వాదన పెట్టుకోకుండ్రి, అండ్ల ఎవ్వరు మారరు. అయ్యగారిని గానీ, ఆ పెద్దమనిషిని గానీ ఇంటికి పిలిచి, భోజనం పెట్టి, అపొస్తలుల కార్యములు 15 కలిసి చదవండి. క్రీ.శ. 49 ప్రాంతంల యెరూషలేముల పెద్దలందరు ఇదే గొడవ మీద కూసున్నరు, సున్నతి చేసుకుంటెనే రక్షణ అని కొందరు పట్టుపడితే, మన పితరులు గానీ మనం గానీ మోయలేని కాడిని ఈ శిష్యుల మెడ మీద ఎందుకు పెడుతున్నరు అని పేతురే లేచి అడిగిండు. అది అయినంక గలతీ పత్రిక మొదలువెట్టండి, ఆరు అధ్యాయాలే, రోజుకొకటి చదివినా వారంల అయిపోతది. మీరు ఒక అధ్యాయం, ఆయన ఒక అధ్యాయం బయటికి చదవండి, మధ్యల ఆయనకు ఏదన్న అడగబుద్దైతే అడగనియ్యండి, మీరు జవాబు చెప్పేందుకు తొందరపడకుండ్రి.