మొక్కల అక్వేరియంలో లైటు, కార్బన్ డయాక్సైడ్ సరిచూసుకోవడం ఎలా?

మొక్కలు ఎదగడం లేదనిపించగానే చాలామంది ముందు కొనేది ఇంకా పెద్ద లైటు. కొన్నాళ్లకు అద్దాల మీద పచ్చటి పాకుడు పడుతుంది, ఆకుల అంచులకు నల్లటి కుచ్చు నాచు మొలుస్తుంది, మొక్క మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది. లైటు మొక్కకు ఆకలి పుట్టిస్తుంది, అంతే. ఆ ఆకలికి సరిపడా కార్బన్ డయాక్సైడ్, పోషకాలు అందకపోతే మొక్క చిక్కిపోతుంది, ఆ వెలుతురు నాచు పాలవుతుంది.

ఈ వాయువు గాలిలో కన్నా నీళ్లలో దాదాపు పదివేల రెట్లు నెమ్మదిగా వ్యాపిస్తుంది. పైగా విడిగా ఇవ్వని తొట్టిలో అది లీటరుకు కొద్ది మిల్లీగ్రాములకు మించి ఉండదు. అందుకే మీరు ఎంత కార్బన్ డయాక్సైడ్ ఇవ్వగలరో ముందు తేల్చుకుని, దానికి తగ్గ లైటే పెట్టండి.

1. ముందు మొక్కలు ఎంచుకోండి

అనూబియాస్, జావా ఫెర్న్, క్రిప్టోకోరిన్, జావా మాస్ లాంటివి తక్కువ వెలుతురులో, విడిగా గ్యాస్ ఇవ్వకపోయినా బతికేస్తాయి. పెరుగుదల నెమ్మదే కానీ టెన్షన్ ఉండదు. వాలిస్నేరియా అయితే నీళ్లలోని బైకార్బొనేట్ నుంచి కూడా కార్బన్ తీసుకోగలదు. అందుకే సున్నం పాలు ఎక్కువున్న కఠిన నీళ్లలో కూడా దాని పిలకలు చకచకా పాకుతాయి. అడుగున పచ్చటి తివాచీలా పరుచుకునే హెచ్‌సీ క్యూబా, గ్లోసోస్టిగ్మా, ఎర్రగా కనిపించాల్సిన రోటాలా రకాలు కావాలంటే మాత్రం గ్యాస్ ఏర్పాటు ఉండాల్సిందే. మొదటిసారి పెట్టేవాళ్లకు మొదటి జాబితానే నా సలహా.

2. లైటు బలం చూసుకోండి

గాలన్‌కు ఇన్ని వాట్లు అనే లెక్క ట్యూబ్‌లైట్ల కాలం నాటిది. ఎల్‌ఈడీలకు అది పనికిరాదు. లీటరుకు ఎన్ని ల్యూమెన్లు (లైటు ఇచ్చే వెలుతురు కొలత) అని చూడండి. 10 నుంచి 20 అయితే తక్కువ, 20 నుంచి 40 అయితే మధ్యస్థం, 40 దాటితే ఎక్కువ. ఇది ఉజ్జాయింపు లెక్కే, ఎందుకంటే తొట్టి లోతు పెరిగేకొద్దీ అడుగుకు చేరే వెలుతురు తగ్గిపోతుంది. లైటు డబ్బా మీద పార్ (PAR, మొక్కలు వాడుకోగల వెలుతురు కొలత) విలువ ఇచ్చి ఉంటే అదే మెరుగు. అడుగున 15 నుంచి 30 ఉంటే తేలిక మొక్కలకు చాలు, 50 దాటిందంటే గ్యాస్ లేకుండా నెట్టుకురావడం కష్టం.

రంగు గురించి పెద్దగా బెంగ వద్దు. 6,500 కెల్విన్ తెల్లటి లైటు మన కంటికి సహజంగా ఉంటుంది, మొక్కలకూ సరిపోతుంది. ఇప్పటికే కొన్న లైటు మరీ బలంగా ఉంటే డిమ్మర్ పెట్టండి, లేదా లైటునే కాస్త పైకి ఎత్తి బిగించండి.

3. టైమర్ పెట్టండి

కొత్త తొట్టికి మొదటి నెల రోజుకు 6 గంటలు చాలు. మొక్కలు వేళ్లూనుకున్నాక 7, 8 గంటలకు పెంచొచ్చు. చేతితో వేసి ఆర్పే పద్ధతిలో ఒకరోజు 5 గంటలు, ఒకరోజు 12 గంటలు అవుతుంది. అలాంటి చోట నాచుదే రాజ్యం. కిటికీ ఎండ నేరుగా పడే చోట తొట్టి పెట్టకండి, ఆ వెలుతురుకు మీ టైమర్‌తో పని లేదు.

4. గ్యాస్ ఎలా ఇవ్వాలి?

చక్కెర, ఈస్ట్ కలిపిన సీసా చవకైన దారి. చిన్న తొట్టికి కొంతకాలం నడుస్తుంది. కానీ మొదట్లో జోరుగా వచ్చి తర్వాత సన్నగిల్లుతుంది, రాత్రి ఆపే వీలూ లేదు. ఇలా రోజుకో తీరుగా మారే గ్యాస్ నల్ల కుచ్చు నాచుకు ముఖ్య కారణాల్లో ఒకటి. సిట్రిక్ యాసిడ్, వంట సోడాతో నడిచే వాల్వ్ సెట్లు దానికన్నా నయం. ‘లిక్విడ్ కార్బన్’ పేరుతో అమ్మే సీసాల్లో చాలావరకు ఉండేది గ్లూటరాల్డిహైడ్. అది నాచును అణుస్తుంది, కానీ గ్యాస్‌కు బదులు కాదు. వాలిస్నేరియా, మాస్‌లు దానికి కరిగిపోవచ్చు. వాడేటప్పుడు చేతికి తొడుగు తప్పనిసరి.

పెద్ద తొట్టికి సిలిండరే మేలు. సిలిండర్‌ను నిలువుగానే ఉంచి, పడిపోకుండా కట్టేయండి. దానికి ఒత్తిడి తగ్గించే రెగ్యులేటర్, విడి టైమర్‌తో గ్యాస్‌ను తెరిచి మూసే సోలెనాయిడ్ వాల్వ్, సన్నగా తిప్పే నీడిల్ వాల్వ్, బుడగలు లెక్కపెట్టుకునే బబుల్ కౌంటర్, నీళ్లు వెనక్కి ఎక్కకుండా చెక్ వాల్వ్, తొట్టిలో గ్యాస్‌ను సన్నటి బుడగలుగా విడగొట్టే డిఫ్యూజర్ కావాలి. ఫిల్టర్ నుంచి వచ్చే నీటి ప్రవాహం తగిలే చోట డిఫ్యూజర్ పెడితే సన్నటి బుడగలు అన్ని మూలలకూ చేరతాయి.

5. మోతాదు కుదర్చండి

గ్యాస్ లైటు కన్నా గంట, రెండు గంటలు ముందు మొదలై, లైటు ఆరడానికి గంట ముందు ఆగాలి. రాత్రి మొక్కలు కూడా ఆక్సిజన్ పీల్చుకుని కార్బన్ డయాక్సైడే వదులుతాయి, అప్పుడు మీరిచ్చేది వృథా.

లక్ష్యం లీటరుకు 20 నుంచి 30 మిల్లీగ్రాములు. సెకనుకు ఒక బుడగతో మొదలుపెట్టి, రెండు మూడు రోజులకోసారి కొంచెం పెంచండి. పక్కింటి తొట్టి బుడగల లెక్క మీకు పనికిరాదు, ఒక్కో కౌంటర్‌లో బుడగ సైజు ఒక్కోలా ఉంటుంది.

కొలవడానికి డ్రాప్ చెకర్ వాడండి. ఆ చిన్న గాజు బుడ్డిలో 4 డీకేహెచ్ (కార్బొనేట్ కఠినత్వం కొలత) ద్రావణం, రంగు మార్చి చూపించే బ్రోమోథైమాల్ బ్లూ కొన్ని చుక్కలు వేసి, లోపల గాలి నిలిచేలా నోరు కిందికి పెట్టి తొట్టిలో అతికించాలి. అందులో తొట్టి నీళ్లు పోస్తే లెక్క తప్పుతుంది. నీలం అంటే తక్కువ, గడ్డి పచ్చ అంటే సుమారు 30, పసుపు అంటే ప్రమాదం. రంగు మారడానికి గంట, రెండు గంటలు పడుతుంది, అంటే అది చూపించేది కాసేపటి క్రితం సంగతి. ఇంకో ఆధారం కావాలంటే, తొట్టి నీళ్లు ఒక గ్లాసులో పట్టి ఒకరోజు వదిలేసి పీహెచ్ చూడండి. మధ్యాహ్నం తొట్టి పీహెచ్ దానికన్నా ఒక అంకె తక్కువ ఉంటే దాదాపు గురి కుదిరినట్టే.

వాల్వ్ తిప్పిన రోజు ఇంట్లో ఉండండి. చేపలు పైకొచ్చి నోరు తెరిచి గాలి కోసం అల్లాడుతున్నా, మొప్పలు గబగబా కొట్టుకుంటున్నా వెంటనే గ్యాస్ ఆపి, ఎయిర్ పంపు వేసి, కొంత నీరు మార్చండి. మొక్క సంగతి తర్వాత.

6. తేడా వస్తే

నాచు పెరిగితే ముందు లైటు గంటో రెండు గంటలో తగ్గించండి, తర్వాత గ్యాస్ నిలకడగా వస్తోందో చూడండి. ఎరువులు మానేయడం మాత్రం పొరపాటు, ఆకలితో ఉన్న మొక్క నాచుకు ఇంకా లొంగిపోతుంది. కొత్తగా నాటిన క్రిప్టోకోరిన్ ఆకులు కరిగితే కంగారుపడి పీకేయకండి, వేరు గట్టిగా ఉంటే కొత్త ఆకు వస్తుంది.

సిలిండర్ మీటరును నమ్ముకుని కూర్చోకండి. లోపల ద్రవం ఉన్నంతకాలం ముల్లు ఒకేచోట నిలబడుతుంది, ద్రవం అయిపోయాకే దిగడం మొదలవుతుంది. కొన్ని రెగ్యులేటర్లలో ఆ చివరి దశలో గ్యాస్ ఒక్కసారిగా తోసుకొచ్చి చేపల ప్రాణం తీస్తుంది. ముల్లు దిగడం కనిపించిన రోజే సిలిండర్ మార్చేయండి.