నీళ్ల బిల్లు విపరీతంగా పెరిగిందా? ముందు మీటర్ చూడండి

జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) నీళ్ల బిల్లులో పాత బకాయి కలిసిందేమో చూసి, రీడింగ్‌ని మీటర్‌తో సరిపోల్చండి. నల్ల అంకెలు కిలోలీటర్లు, అంటే ఒక్కోటి 1,000 లీటర్లు. ఎర్రవి కలిపి చదివితే లెక్క తప్పినట్టే.

రీడింగ్ సరైనదే అయితే, కుళాయి వచ్చే వేళ సంపులోకి వెళ్లే వాల్వు కట్టేయండి. ఇంకా మీటర్ ముల్లు తిరుగుతోందా? మీటరుకీ సంపుకీ మధ్య పైపు కారుతోంది. ఆగిందా, అయితే సంపు సంగతి చూడాలి. సరఫరా అయ్యాక మోటారు ఆపి, నీటిమట్టం దగ్గర సుద్దముక్కతో గీత గీయండి. రెండు గంటల్లో 1 సెంటీమీటరు దిగితే, 2 మీటర్ల పొడవు, 1.5 మీటర్ల వెడల్పు సంపులో 30 లీటర్లు పోయినట్టు.

చాలాసార్లు అసలు దొంగ, సంపు నిండగానే నీళ్లు ఆపాల్సిన బాల్‌వాల్వే. వైజాగ్ ఉప్పుగాలికి ఇనుప కడ్డీ తుప్పుపట్టి బిగుసుకుంటుంది, సంపు నిండినా నీళ్లు ఆగవు. ఇత్తడిది వేయించండి. బాత్రూములోనూ లీకు ఉండొచ్చు: ఫ్లష్ ట్యాంకులో నీలం రంగు కలిపి పావుగంట ఆగండి; కమోడ్‌లోకి రంగు దిగితే వాషర్ మార్చాలి.

మీటరే తప్పనిపిస్తే రీడింగ్ ఫోటో, పాత బిల్లులు జతచేసి జీవీఎంసీ వార్డు కార్యాలయంలో రాతపూర్వకంగా ఇచ్చి, రసీదు తీసుకోండి.