ఉన్నట్టుండి గుటక పడకపోతే ఇంటివారు చేయవలసినవి

బాగున్న మనిషికి ఉన్నట్టుండి గుటక పడక, నీళ్లు తాగబోతే పొలమారి, గొంతు బొంగురుపోయి, తల తిరుగుతుంటే గ్యాస్ పట్టిందనుకొని సోడా పట్టించే ఇళ్లు శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో ఇప్పటికీ ఉన్నాయి. చెయ్యీ కాలూ పడిపోలేదు గనుక పక్షవాతం కాదనుకోవడమే ఇక్కడ ప్రాణం మీదికి తెస్తుంది. మెదడు కాండం అడుగున ఉండే మెడుల్లాకు రక్తం అందకపోతే, గుటకనూ స్వరాన్నీ నడిపే కేంద్రాలు అక్కడే ఉన్నందున, కాళ్లూ చేతుల్లో బలం తగ్గకుండానే మింగడం ఆగిపోవచ్చు. ఇదీ ఒక రకం పక్షవాతమే. ఒక కంటి రెప్ప వాలడం, ఆగని ఎక్కిళ్లు, ఒక పక్కకు తూలడం, ముఖంలో ఒక పక్క, ఒంట్లో మరో పక్క వేడీ చల్లదనం తెలియకపోవడం దీని ఆనవాళ్లు.

వెంటనే 108కు ఫోన్ చేసి, రోగి చివరిసారి మామూలుగా ఉన్న సమయాన్ని రాసుకోవాలి. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్‌ను సాధారణంగా ఆ సమయం నుంచి 4.5 గంటల లోపే ఇస్తారు. ఇచ్ఛాపురం, పలాస వైపువారికి అందులో చాలా భాగం దారిలోనే పోతుంది కాబట్టి, ఊళ్లో సెలైన్ పెట్టించి చూద్దామనుకోకుండా, స్కాన్, ఆ ఇంజెక్షన్ రెండూ ఉన్న ఆసుపత్రికే తీసుకెళ్లమని అడగాలి. ఈ భాగంలోని దెబ్బ తొలి సీటీ స్కాన్‌లో కనబడకపోవచ్చు. స్కాన్ బాగుందన్నా లక్షణాలు తగ్గకపోతే ఎంఆర్ఐ గురించి అడగడానికి మొహమాటపడవద్దు.

ఆసుపత్రిలో గుటకను పరీక్షించేవరకు నోట్లో ఏమీ వేయకూడదు: మాత్ర, ఆకుపసరు, ఆఖరికి చెంచాడు నీళ్లు కూడా. అవి ఊపిరితిత్తుల్లోకి జారినా కొందరికి దగ్గే రాదు. అందుకే ఇంట్లో తాగించి చూడడం ప్రమాదం.

ముక్కు గుండా కడుపులోకి వేసిన గొట్టంతో ఇంటికి పంపితే, ఆహారం పోసే ముందు గొట్టం మీది గుర్తు ముక్కు దగ్గర ఉన్నచోటే ఉందో లేదో చూడాలి. గుర్తు జరిగి ఉంటే ఏమీ పోయకుండా ఆసుపత్రికి ఫోన్ చేయాలి. పోసేటప్పుడూ, పోశాక కనీసం అరగంటా తలవైపు ఎత్తుగా ఉంచాలి. నోటితో తినడం లేదు కదా అని పళ్లూ నాలుకా శుభ్రం చేయడం మానకూడదు, ఎందుకంటే నోట్లోని క్రిములే లాలాజలంతో లోపలికి జారి న్యుమోనియా తెస్తాయి.

నోటితో పెట్టవచ్చని స్పీచ్ థెరపిస్ట్ (మాటతో పాటు గుటకనూ పరీక్షించి సరిచేసే నిపుణుడు) చెప్పాక, నీళ్లలాంటి తరవాణి కన్నా ఉండలు లేకుండా వడకట్టిన చిక్కటి చోడి (రాగి) అంబలి చాలామందికి సులువు. ఎంత చిక్కగా ఉండాలో మాత్రం ఆయన చేతనే చూపించుకోవాలి. చారన్నం తొందరపడి పెట్టవద్దు: మెతుకును నమిలేలోగానే చారు గొంతులోకి జారిపోతుంది. నిటారుగా కూర్చోబెట్టి, అర చెంచా చొప్పున, ముందుది దిగిందని చూశాకే తర్వాతది పెట్టాలి.

చాలామందిలో కొన్ని వారాల నుంచి కొన్ని నెలల్లో గుటక మెరుగవుతుంది. ఈలోగా జ్వరం, ఆయాసం వచ్చినా, తిన్నాక గొంతు గరగరలాడినా, ఆహారం ఆపి వెంటనే డాక్టరుకు చూపించాలి.